రెండు వందల దగ్గర ఆగిపోయిన దేశం

సామాజిక భద్రతా కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించింది. అది అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. తొమ్మిది పాత చట్టాలు అందులో కలిసిపోయాయి. ఇక నియమాలు, పథకాలు ఎలా ఉండాలన్నదే మిగిలిన తగువు. ఆ తగువులో రెండు వైపుల నుంచీ నేను వింటూ వస్తున్న వాదనలను ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. వదిన కామారెడ్డిలో బీడీ కార్మికుల సంఘం పని చూస్తుంది. మరిది హైదరాబాద్‌లో ఒక బీమా సంస్థలో పెన్షన్ లెక్కలు కడతాడు. నా మొగ్గు వదిన వైపే. అయినా మరిది వాదనను ఎక్కడా పలచన చేయలేదు. అతను అడిగేవాటికి జవాబు లేకపోతే వదిన కోరిక కాగితం మీదే ఉండిపోతుంది.

మరిది: వదినా, కేంద్రానికి మీ సంఘం రాసిన వినతిపత్రం చదివిన. "60 దాటిన అందరికీ కేంద్రం పింఛను ఇవ్వాలి, అది ధరలతో పాటు పెరగాలి, చట్టంలో ఉండాలి." కోరిక మంచిదే. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న సంగతే అందులో లేదు.

వదిన: రాస్తా తమ్మీ. ముందు ఇప్పుడు ఎంతిస్తున్నరో చెప్పు, నీకు నోటికొచ్చు కదా.

మరిది: జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద, 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు నెలకు 200. 80 దాటితే 500.

వదిన: ఆ రెండు వందలు ఎప్పటివి?

మరిది: 2006వి. 1995 ఆగస్టు 15న 75 రూపాయలతో మొదలైంది. 2006లో 200 చేసిన్రు. 2011లో అర్హత వయసును 60కి దించి, 80 దాటినవాళ్లకు 500 చేసిన్రు. ఆ తర్వాత ముట్టలేదు.

వదిన: ధరల లెక్కన పెంచుకుంటూ వచ్చినా అది ఇప్పటికి ఆరు వందలు దాటాలె. అంటే ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే, ఏ సభలోనూ చర్చ లేకుండానే ముసలివాళ్ల పింఛనులో మూడింట రెండు వంతులు కోసేసిన్రు. దీన్ని కోత అని ఎవరూ అనరు, ఎందుకంటే అంకె మారలేదు.

మరిది: సరిగ్గా అందుకే నేను చందా పద్ధతి కావాలంటున్న. ఖజానా నుంచి వచ్చే పింఛను పాలకుల ఇష్టం. ఓట్ల ముందు పెరుగుతది, ఓట్లయినంక నిద్రపోతది. బిహార్ చూడు. ఏళ్ల తరబడి 400 ఉన్న పింఛను ఎన్నికల ఏడు 2025లో ఒక్కసారి 1,100 అయింది. మన దగ్గర 2023 ఎన్నికల్లో 4,000 అన్నరు, 2025లోనూ పడ్డది 2,016 మాత్రమే. తన పేరున ఖాతా ఉండి, నెలనెలా జమ అయిన సొమ్ము ఉంటే దాన్ని ఏ మంత్రీ ఆపలేడు. చందా కట్టినవాడికి అది హక్కు. కట్టనివాడు ఎప్పుడూ ఒకరి దయ మీద బతకాలె. ఆ ముసలామెను దయ మీద బతకనియ్యొద్దన్నది నీ మాట కూడా కదా?

(ఇది మరిది వైపు అన్నిటికంటే బలమైన మాట. పింఛను పెంచిన నాయకుడి బొమ్మకు దండం పెట్టే ముసలివాళ్లను మన ఊళ్లలో అందరం చూసినవాళ్లమే. హక్కు మీద వచ్చే డబ్బుకు ఎవరూ దండం పెట్టరు.)

వదిన: నా మాటే. అయితే చందా కట్టినవాళ్లకు దక్కిన హక్కు ఏపాటిదో నా దగ్గరకు వచ్చేవాళ్ల కాగితాల్లో చూపిస్త. నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల, ఈ జిల్లాలన్నీ బీడీల మీద బతికినవి. ఆకు నానబెట్టుడు, కత్తిరించుడు, చాట ముందర పెట్టుకొని తంబాకు వేసి చుట్టుడు, దారం కట్టుడు. చుట్టేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. బీడీ పరిశ్రమకు పీఎఫ్ చట్టం 1977 నుంచి ఉన్నది. ఉన్నా, పదేళ్లు చుట్టినంక కార్డు వచ్చినవాళ్లున్నరు. ఒకరి పేరు మీద నలుగురు చుట్టిన ఇళ్లున్నయి. ఇప్పుడు నువ్వే లెక్క కట్టు. ఒకామెకు పీఎఫ్ రికార్డులో 20 ఏళ్ల సర్వీసు ఉంది, చివరి ఐదేళ్ల సగటు జీతం నాలుగు వేలు.

మరిది: 1995 ఉద్యోగుల పెన్షన్ పథకం సూత్రం ప్రకారం జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలె. 20 ఏళ్లు నిండినయి కాబట్టి రెండేళ్లు కలుపుతరు. నాలుగు వేలు ఇంటూ 22, బై 70. పన్నెండు వందల యాభై ఏడు.

వదిన: జీవితమంతా నడుము వంచి చుట్టినదానికి 1,257. ఇది చచ్చేదాకా పెరగదు. సర్వీసు తక్కువున్నవాళ్లకు కనీస పింఛను 1,000, అది 2014 సెప్టెంబర్‌లో పెట్టింది. దాన్ని 3,000 చెయ్యాలని 2013లోనే కోశ్యారీ కమిటీ రాజ్యసభకు చెప్పింది. 7,500 కావాలని పింఛనుదారులు ఏళ్లుగా ఢిల్లీలో ధర్నా చేస్తున్నరు. మరి వీళ్లంతా చందా పద్ధతిలో ఉన్నవాళ్లే కదా తమ్మీ? వాళ్ల హక్కూ మా రెండు వందల లెక్కనే ఎండిపోయింది.

మరిది: ఒక మాట సవరిస్త. పెన్షన్ నిధికి కార్మికురాలి వాటా నుంచి పైసా పోదు. ఆమె వాటా పూర్తిగా పీఎఫ్‌లో ఉంటది, పని మానేటప్పుడు చేతికొస్తది. పెన్షన్‌కు పోయేది యజమాని ఇచ్చేదాంట్లో 8.33 శాతం, కేంద్రం వేసే 1.16 శాతం. తక్కువ జీతం మీద ఆ శాతాలు ఎంతవుతయో చూడు. వచ్చిన సొమ్ముకు ఆ సూత్రం తక్కువేమీ ఇస్తలేదు, ఇంకా కొంచెం ఎక్కువే ఇస్తున్నది. తప్పు సూత్రంలో లేదు. తప్పు జీతంలో ఉంది, దాచిపెట్టిన సర్వీసులో ఉంది.

వదిన: నేనూ అదే అంటున్న. చందా పింఛను జీతాన్నే ముసలితనంలోకి మోసుకొస్తది. బతికినన్నాళ్లు తక్కువ కూలి ఇచ్చిన్రు, సగం రోజులు పనే ఇయ్యలేదు, రికార్డు సరిగా రాయలేదు. ఆ అన్యాయాలన్నీ కలిపి కట్టి, 58 ఏళ్లు నిండినంక మళ్లీ నెలనెలా ఆమెకే ఇస్తున్నరు. పిల్లల్ని కని పెంచిన ఏళ్లు, అత్తమామల మంచం కాడ ఉన్న ఏళ్లు నీ సూత్రంలో సున్నా. ఆమె పని చెయ్యలేదా ఆ ఏళ్లలో?

మరిది: చేసింది. కాదన్నవాడు మనిషి కాదు. కాని దానికి పీఎఫ్ ఒక్కటే తొవ్వ కాదు కదా. అసంఘటిత రంగం కోసమని వేరే పథకాలు పెట్టిన్రు. 2015లో అటల్ పెన్షన్ యోజన వచ్చింది. 18 ఏళ్ల పిల్ల నెలకు 210 రూపాయలు కడితే 60 ఏళ్ల నుంచి నెలకు 5,000. అంత కట్టలేకపోతే 42 కట్టమను, 1,000 వస్తది. 2019లో శ్రమయోగి మాన్‌ధన్ పెట్టిన్రు. నెలకు 55 నుంచి 200 లోపే కట్టుడు, అంతే సొమ్ము కేంద్రం కలుపుతది, 3,000 పింఛను.

వదిన: ఆ పిల్లకు 60 వచ్చేది 42 ఏళ్ల తర్వాత. ఏటా 5 శాతం ధరలు పెరుగుతయనుకో, ఆనాటి 5,000 ఈనాటి లెక్కన ఎంత?

మరిది: ...ఆరు వందల నలభై చిల్లర.

వదిన: వెయ్యి రూపాయల పింఛనైతే నూట ముప్పై. శ్రమయోగి సంగతి చెప్త విను. 2019 బడ్జెట్‌లో ఐదేళ్లలో పది కోట్ల మంది చేరుతరన్నరు. చేరింది అరకోటి దరిదాపు. మా వాళ్లు చేరకపోవుడు తెలివితక్కువతనం కాదు. ఆకు రాని నెల కూలి లేదు. కూలి లేని నెల కిస్తీ కట్టలేరు. మూడు కిస్తీలు తప్పినంక మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కాలంటే భయం. ఇరవై ఏళ్లు వరుసగా నెల తప్పకుండా కట్టగలిగేటంత నిలకడ ఉన్న మనిషికి అసలు ఈ పథకంతో అంత అవసరం ఉండదు. అవసరం ఉన్న మనిషికి ఆ నిలకడ ఉండదు.

(ఇక్కడ మరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత అతను ఎత్తుకున్నది ఖర్చు సంగతి. వాదన అసలు ముడి అక్కడే ఉంది కాబట్టి దాన్ని కుదించలేదు.)

మరిది: సరే, నీ తొవ్వలోనే పోదాం. దేశంలో 60 దాటినవాళ్లు ఇప్పుడు దాదాపు 15 కోట్లు అనుకుందాం. అందరికీ నెలకు 3,000 అంటే ఏడాదికి 36,000. మొత్తం 5 లక్షల 40 వేల కోట్లు. కేంద్రం 2025-26 బడ్జెట్ మొత్తం 50 లక్షల కోట్ల పైచిలుకు. అందులో పదో వంతు. సైన్యానికి పెట్టే 6.8 లక్షల కోట్లకు కొంచెం తక్కువ. ఏ బడిని మూస్తవు, ఏ ఆసుపత్రిని మూస్తవు? ఆంధ్ర సంగతి చూడు. 2024 జులై నుంచి 4,000 ఇస్తున్నరు. 60 లక్షలు దాటిన పింఛనుదారులకు నెలకు 2,700 కోట్ల దాకా, ఏడాదికి 30 వేల కోట్లు పైన. ఒక్క రాష్ట్రం! అప్పు తేకుండా ఆ ఖజానా నడుస్తున్నదా? దక్షిణాదిలో పిల్లలు తక్కువైన్రు. ఇరవై ఏళ్ల తర్వాత పన్ను కట్టే చేతులు తగ్గి, పింఛను అందుకునే చేతులు పెరుగుతయి. ఈనాటి ముసలివాళ్ల బరువును ఈనాటి పిల్లల మీద, రేపటి ముసలివాళ్ల బరువును ఇంకా పుట్టని పిల్లల మీద వేస్తే అదేం న్యాయం? సొంత ఖాతాలో పోగేసుకుంటే ఎవరి బరువు వాళ్లది.

వదిన: నువ్వు చెప్పిన ఒక్క రాష్ట్రం లెక్కనే మళ్లీ చెప్పు. ఆంధ్ర 30 వేల కోట్లు పెడుతున్నది. దేశం మొత్తానికి, ముసలివాళ్లు, భర్త పోయినవాళ్లు, వికలాంగులు అందరికీ కలిపి కేంద్రం పెడుతున్నది ఎంత?

మరిది: జాతీయ సహాయ కార్యక్రమానికి 2025-26లో 9,652 కోట్లు.

వదిన: కొన్నేళ్లుగా బడ్జెట్‌లో దాదాపు అదే అంకె. లబ్ధిదారులు మూడు కోట్లే ఉండాలని గిరి గీసి కూర్చున్నరు, ఎవరన్నా చనిపోతే తప్ప కొత్తవాళ్లకు చోటు లేదు. ఇదే కేంద్రం తన కొలువులు చేసి, సైన్యంలో చేసి దిగిపోయినవాళ్ల పింఛన్లకు ఏడాదికి 2 లక్షల కోట్లు దాటి ఇస్తున్నది. ఇయ్యొద్దని నేను అనను, వాళ్లూ కష్టపడ్డవాళ్లే. కాని 9,652 కోట్ల కాడనే డబ్బు లేదన్న మాట గుర్తుకొస్తే ఎట్ల?

మరిది: అది జీతంలో భాగం వదినా. కొలువులో చేరినప్పుడు ఇచ్చిన మాట.

వదిన: మాట ఇచ్చి మార్చిన్రు కూడా. 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లకు పాత పింఛను తీసేసి, నీకు నచ్చిన ఖాతా పద్ధతి పెట్టిన్రు. ఆ ఖాతా మీద నమ్మకం ఉందా అని ఉద్యోగుల్నే అడుగు. ఇరవై ఏళ్లు కొట్లాడిన్రు. రాజస్థాన్, హిమాచల్ లాంటి రాష్ట్రాలు వెనక్కి పోతమన్నయి. చివరికి కేంద్రమే 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను తెచ్చి, 25 ఏళ్లు చేసినవాళ్లకు చివరి ఏడాది సగటు మూల వేతనంలో సగం గ్యారంటీ ఇచ్చింది, పదేళ్లు చేసినా 10,000 కనీసం. దానికి డీఏ లెక్కన ధరల పెంపు కూడా ఉంది. మార్కెట్ మీద భారం వేస్తే ముసలితనం గడవదని సర్కారు తన ఉద్యోగుల విషయంలో ఒప్పుకున్నది. చదువుకున్న, సంఘం ఉన్న, జీతం నిలకడగా ఉన్న ఉద్యోగి మోయలేని రిస్కును బీడీలు చుట్టే ఆమె మోయాలా?

మరిది: ఖాతా పద్ధతికి నువ్వు చెడు ఉదాహరణే తీసుకున్నవు. బయటి దేశాల్లో...

వదిన: చిలీ సంగతి చెప్తవు. చెప్పు.

మరిది: 1981లో పినోషే సర్కారు మొదలుపెట్టింది నిజమే, నియంతృత్వం నాకూ ఇష్టం లేదు. కాని ఆ ఖాతాల్లో జమ అయిన సొమ్ము ఆ దేశంలో పెట్టుబడి అయింది, మార్కెట్లు పెరిగినయి.

వదిన: పెరిగినయి. ముసలివాళ్లకు దక్కిందెంత? తన సైన్యాన్ని మాత్రం పినోషే ఆ పద్ధతిలో చేర్చలేదు, నువ్వే చదువుకో. 2008లో బాచెలెట్ సర్కారు పన్నుల డబ్బుతో పేదలకు ఒక కనీస పింఛను కట్టింది. అదీ చాలక జనం లక్షల్లో రోడ్డెక్కినంక 2022లో దాన్ని ఇంకా పెంచి, బాగా ఉన్నోళ్లను తప్ప దాదాపు అందరికీ గ్యారంటీ పింఛను చేసిన్రు. ఖాతాలు తీసెయ్యలేదు. కింద నేల వేసిన్రు. పాతికేళ్లకు పైగా నేల లేకుండా గోడ కట్టి చూసినంక చేసిన పని అది. మనం అన్నేళ్లు మళ్లీ పోగొట్టుకోవాలా? దూరం ఎందుకు, నేపాల్ ఉంది. మనం 75 రూపాయలతో మొదలుపెట్టిన కాలంలోనే వాళ్లూ 75 ఏళ్లు దాటినవాళ్లకు 100 రూపాయలతో మొదలుపెట్టిన్రు, పేదా ధనికా అని చూడకుండా. ఇప్పుడు 68 దాటితే నెలకు 4,000 నేపాలీ రూపాయలు, మన లెక్కన 2,500. మనకంటే బీద దేశం.

మరిది: నేపాల్‌లో వయసు 68. నువ్వు 60 అంటున్నవు. పైగా అందరికీ అంటున్నవు. జూబ్లీహిల్స్‌లో మేడ ఉన్న ముసలాయనకు ఎందుకియ్యాలె? ఆ డబ్బు కలిపి అవసరమున్న ఆమెకు ఎక్కువిస్తే కాదా?

వదిన: ఈ ప్రశ్న నన్ను కూడా చాలా రోజులు తిప్పింది. ఏరి ఇచ్చే పద్ధతి ఊళ్లో ఎట్ల నడుస్తదో చూసినంక తేల్చుకున్న. పింఛను కావాలంటే రేషన్ కార్డు ఉండాలె. కొడుకు పేరున ట్రాక్టర్ ఉంటే లేదు, వాడు ఆమెకు బువ్వ పెడుతున్నడా లేదా అన్నది ఎవరూ అడగరు. మన తెలంగాణలో ఇంటికి ఒక్క వృద్ధాప్య పింఛనే. మొగుడికి వస్తే పెళ్లానికి రాదు. ఆమె చేతికి సొంతంగా రూపాయి రావాలంటే ఆయన పోవాలె. బీడీ పింఛనుకు 2014 ఫిబ్రవరి లోపు పీఎఫ్ నంబరు ఉండాలన్నరు. మార్చిలో నంబరు వచ్చినామె అదే చాట, అదే ఆకు, పక్కపక్కన కూర్చొని చుడుతది, పింఛను మాత్రం లేదు. గిరి గీసిన కాడల్లా గిరి అవతల ఒక ముసలామె మిగులుతది. ఆమెను వెతికి లోపలికి తెచ్చుడే నా పనిగా బతుకు గడిచింది. మేడ ఉన్నాయనకు ఇచ్చిన డబ్బు ఆదాయపు పన్నులో వెనక్కి తీసుకో. పన్ను కట్టేవాళ్ల లెక్క నీ కంప్యూటర్‌లో ఉంది, బువ్వ లేనివాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

మరిది: పన్నులో వెనక్కి తీసుకునుడు కుదురుతది. సర్కారు పింఛనుదారులు, పన్ను కట్టేవాళ్లు ముందే జాబితాలోంచి పోతే ఖర్చు తగ్గుతది. వయసు 65 చేస్తే ఇంకా తగ్గుతది.

వదిన: 65 నేను ఒప్పుకోను. ఎండలో చేసిన ఒళ్లు, తంబాకు దుమ్ములో దగ్గిన ఒళ్లు 60కే అయిపోతది. ఏసీ గదిలో కూర్చున్నోళ్ల వయసుతో వాళ్ల వయసు కొలవద్దు. అంకె కాడ దిగుత. 1,500తో మొదలుపెట్టు, నీ లెక్కలోనే సగమైతది. రాష్ట్రాలు ఇచ్చేది రాష్ట్రాలు ఇయ్యనీ, దాని మీద. కాని ఆ 1,500 ఏటా ధరలతో పాటు దానంతటదే పెరగాలె, ఉద్యోగుల డీఏ జనవరిలో, జులైలో పెరిగినట్టు. ఏ సీఎం ఫోటో అవసరం లేకుండా. నువ్వు మొదట అన్నవు చూడు, దయ అని. దయ పోవాలంటే ఖాతా ఒక్కటే మార్గం కాదు. చట్టంలో రాసిన సూచీ చాలు.

మరిది: మరి రాజ్యాంగంలోనే ఉంది కదా, 41వ అధికరణం. వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం.

వదిన: "ఆర్థిక స్తోమత మేరకు" అన్న మాటతో ఉంది. కోర్టుకు పోయి నిలదీసే వీలు లేని భాగంలో ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఈ పింఛన్లను మళ్లీ చూడమని కేంద్రానికి చెప్పింది. 200 అట్లనే ఉంది.

మరిది: నువ్వు ఒకటి మరిచిపోతున్నవు. ఈ సామాజిక భద్రతా కోడ్‌లో చందా పద్ధతికి కొత్త దారి ఉంది. ఫుడ్ డెలివరీ, క్యాబ్ కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం సామాజిక భద్రతా నిధికి కట్టాలె. కార్మికులకు ఇచ్చేదాంట్లో ఐదు శాతం మించకుండా. యజమాని ఎవరో తేల్చకుండానే డబ్బు వసూలు చేసే పద్ధతి ఇది. ఖజానా మీద చెయ్యి పెట్టకుండా లక్షల మందికి రక్షణ.

వదిన: మంచిదే, వసూలు చెయ్యనీ. కాని డబ్బు వసూలైనంత మాత్రాన మనిషికి చేరదు. భవన నిర్మాణ కార్మికులకు 1996 చట్టం ఉండేది. కట్టడం విలువలో ఒక శాతం సెస్సు. వేల కోట్లు పోగైనయి. ఖర్చు చెయ్యకుండా మూలుగుతున్నయని 2018లో సుప్రీంకోర్టు తిట్టింది. ఎందుకు మూలుగుతున్నయి? పాలమూరు నుంచి పోయి ముంబైలో కట్టినోడికి ఏ రాష్ట్రం బోర్డులో పేరుండాలె? ఏడాదిలో 90 రోజుల పని చేసినట్టు ఎవరు సంతకం పెట్టాలె? మేస్త్రీనా, బిల్డరా? కాగితం తేలేక పేరు లేదు, పేరు లేక డబ్బు లేదు. శ్రీకాకుళం నుంచి పోయినోళ్లదీ ఇదే గతి. ఒక రాష్ట్రం పింఛను ఇంకో రాష్ట్రంలో పని చెయ్యదు. కేంద్రమే ఇయ్యాలని నేను పట్టుబట్టేది అందుకే. దేశమంతా తిరిగి పని చేసినోడి ముసలితనం ఒక్క రాష్ట్రం నెత్తిన ఎట్ల పడుతది?

మరిది: ఆ ముక్క మీ వినతిపత్రంలో లేదు. వలస సంగతి పెట్టు. అది రాష్ట్రాల వాదన కాదు, జాతీయ వాదన, ఢిల్లీలో దానికి బలం ఉంటది. ధరల సూచీ కూడా విడిగా ఒక పేరా రాయి. ఏ సూచీయో కూడా రాయి, లేకుంటే వాళ్లకు నచ్చినది పెట్టుకుంటరు. ఆ రెంటికీ నేను లెక్కలు కట్టిస్త. కాని 60 ఏళ్లు, అందరికీ అన్నదాన్ని ఇంకా ఒప్పుకోను. డబ్బు చాలదు. చాలనప్పుడు ఇచ్చేవాళ్లు మళ్లీ ధరల పెంపునే ముందు ఆపుతరు, నీకు మళ్లీ రెండు వందలే మిగులుతది.

వదిన: నువ్వు చెప్పిన భయం నిజమే. అందుకే ఆపాలంటే పార్లమెంటులో నిలబడి ఓటు వేసి ఆపాలని రాస్త. ఇప్పటి లెక్కన చప్పుడు లేకుండా ఆపే వీలు ఉండొద్దు. 60ని మాత్రం కొట్టెయ్యను. నువ్వు సంతకం పెట్టకున్నా సరే, సూచీల పేర్లు చెప్పు, రాసుకుంట.

మరిది: వ్యవసాయ కూలీల వినియోగ ధరల సూచీ. ఉపాధి హామీ కూలిని ఏటా సవరించుడు దాంతోనే మొదలుపెట్టిన్రు, వాళ్లకు తెలియని లెక్క కాదు. మూల సంవత్సరం కూడా పెట్టు. పెంపు ఏప్రిల్ 1 నుంచి అని రాయి, బడ్జెట్‌తో పాటు పడుతది.